శిథిలగృహాలు – మన ఊహలు

పటమటలో బందరు రోడ్డుకు కాస్త లోపలగా, ఒక సందు చివర, నిరుటి వేసవి వరకు ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటివారు ఎప్పుడో ఊరు విడిచారు. వాకిలి తలుపులు ఎవరో పట్టుకుపోయారు. మండువాలో రావిమొక్క మొలిచి, దూలాన్ని దాటి ఆకాశం చూస్తూ ఉండేది. అరుగు మీద ఒక రుబ్బురోలు, పొత్రం లేకుండా ఒంటరిగా పడి ఉండేది. వసారా బయటి గోడలో చిన్న గూడు, ఆ గూటిలో సొట్టలు పడిన ఒక సత్తుగ్లాసు. కళాశాలకు వచ్చేపోయే దారిలో మేము ఆ ఇంటిని ఏండ్ల తరబడి చూచాము. చూచామే గాని, దాన్ని గురించి ఏమీ ఆలోచించలేదని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టబోతున్నారని తెలిసినపుడు, మా ఇంటర్మీడియేటు విద్యార్థులను అక్కడికి తీసుకొని పోయి, చూచివచ్చిన పిమ్మట ఆ ఇంటి గతాన్ని ఊహించి ఒక వ్యాసం వ్రాయమన్నాము. నలభై రెండు వ్యాసాలు వచ్చాయి. వాటిలో ఇరవైకి పైగా దయ్యాల కథలు. పదిపన్నెండింటిలో గోడలోనో, రుబ్బురోలు కిందనో లంకెబిందెలు దొరికాయి. మిగిలినవాటిలో ఒక జమీందారుగారు, ఆయన ఏనుగు, ఆయన అహంకారం, చివరికి ఆయన పతనం. పటమట వంటి రైతుల ఊళ్ళో, నాలుగు గదుల పెంకుటింట్లో ఏనుగును ఎక్కడ కట్టేశారని మేము అడిగితే తరగతి అంతా నవ్వింది. నవ్వారు గాని, అది మేము వాళ్ళను నిందించదగిన సంగతి కాదు. మన సినిమాలూ, మన వారపత్రికల సీరియళ్ళూ, మన ఇండ్లలో పెద్దలు చెప్పే కథలూ పాడుబడిన ఇల్లు కనిపించగానే ఈ మూడు దారుల్లోనే మనలను నడిపిస్తాయి. దయ్యం, నిధి, దొర.

మా అభిప్రాయం ఏమనగా, ఈ మూడూ ఊహలు కావు. ఊహించవలసిన శ్రమను తప్పించుకొనే ఉపాయాలు. దయ్యం అనుకొంటే ఆ ఇంట్లో బ్రతికినవాళ్ళను గురించి ఏమీ తెలుసుకోనక్కరలేదు. నిధి అనుకొంటే ఆ ఇల్లు మనకు ఏమిస్తుందనే లెక్క తప్ప మరొకటి ఉండదు. దొర అనుకొంటే, ఇక ఆ ఇంట్లో వండినవాళ్ళు, కడిగినవాళ్ళు, పశువులకు మేత వేసినవాళ్ళు కంటికి ఆనరు.

నలభై రెండు వ్యాసాలలో ఒకటి మాత్రం వ్యాసం కాదు, అరపేజీ ప్రశ్నలు. వ్రాసినది వెనుక బెంచీలో కూర్చొనే ఒక అమ్మాయి. రుబ్బురోలు వంటింట్లో ఉండాలి గదా, అరుగు మీదికి ఎవరు లాక్కొని వచ్చారు? గోడకు మేకులు అంత కిందుగా ఎందుకు కొట్టారు, పొట్టివాళ్ళెవరైనా ఉండేవారా? ఆఖరున ఒక ప్రశ్న. "సార్, ఇంట్లో సామానంతా పోయింది, ఆ గ్లాసొక్కటీ బయటి గూట్లో ఎందుకుంది?"

ఆ ప్రశ్నకు జవాబు మాకు తెలుసు. తరగతిలో సగంమందికి తెలిసే ఉంటుంది. అయినా ఆనాడు మేము, "మంచి ప్రశ్న, ఆలోచించండి" అని చెప్పి గంట కొట్టేవరకు సంధులు చెప్పుకొన్నాము. ఆ గ్లాసు దగ్గరికి మళ్ళీ వస్తాము. అంతకు ముందు పాఠకమహాశయులను ఒకసారి బందరు దాకా తీసుకొనిపోవాలి.

పటమటలో బస్సెక్కి, ఉయ్యూరు, పామర్రు దాటి పోతే, మన జిల్లాల్లో పాడుపడిన కట్టడాలకు అంతకన్న పెద్ద పాఠశాల లేదు. ఊరికి సముద్రపు వైపున, ఉప్పునేలలో, బందరు కోట శిథిలాలున్నాయి. ఆయుధాగారమనీ, ఆసుపత్రి అనీ, గంటగోపురమనీ పిలిచే కట్టడాలు కొన్ని తుమ్మచెట్ల మధ్య నిలిచి ఉన్నాయి. డచ్చివారు 17వ శతాబ్ది తొలి దశాబ్దంలోనే ఈ రేవుకు వచ్చారు. ఆంగ్లేయుల ఓడ 1611లో వచ్చింది. నడుమ కోట ఫ్రెంచివారి చేతిలో ఉండగా, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడిచేసి పట్టుకొన్నాడు. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కోటకు పోయిన ప్రతివాడూ ఈ దొరల పేర్లే వల్లిస్తాడు. మేమూ వల్లించాము.

ఊళ్ళోని డచ్చివారి సమాధుల తోటకు పోయినా అంతే. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, చుట్టూ లతలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఉద్యోగం పేరు. మూడువందల యేండ్లు దాటినా చదవడానికి వీలుగా ఉన్నాయి. సెయింట్ మేరీస్ చర్చి వద్దకు వెళితే, 1809లో మరణించిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి కథను, ఆమెను ప్రేమించిన పేటర్ దొర ఆమె దేహాన్ని గాజు పేటికలో ఉంచాడన్న జనశ్రుతిని ఎవరైనా చెబుతారు. మంచి కథే. విన్నవారి కళ్ళు చెమరుస్తాయి. కాని ఒక ఊళ్ళో ఒక్క యువతి మరణం అంత బాగా గుర్తుండి, అదే ఊళ్ళో కొన్ని వేలమంది మరణం ఒక్క సంఖ్యగా మిగలడం ఎందువలన?

1864 నవంబరు 1న, రక్తాక్షి సంవత్సరంలో, బందరు మీదికి సముద్రం వచ్చింది. పోటు మట్టానికి పదమూడడుగుల ఎత్తున అల లేచింది. కొన్ని చోట్ల పదిహేడు మైళ్ళ దూరం భూమి మీదికి చొచ్చుకొని వచ్చింది. దాదాపు 780 చదరపు మైళ్ళ నేల మునిగింది. 30,000 మంది పోయారని ఆనాటి లెక్క. ఆ తరువాత కోటలోని దండును అక్కడినుంచి తీసివేశారు. రేవు వైభవం అప్పటికే తగ్గుతూ ఉంది, ఆ రాత్రితో మరి కోలుకోలేదు. ఓడలు బండ్లు కావడమన్న మాట మనవాళ్ళు ఊరకే అనలేదు.

కోటలోని ఆ పొడవాటి గదులలో నిలబడినపుడు మేము దొరలను విడిచి వేరే వాళ్ళను ఊహించడానికి ప్రయత్నించాము. మొదట ఏమీ రాలేదు. ఊహకు కూడా అలవాటు కావాలి. తరువాత బట్టల మూటలు తలపుకు వచ్చాయి. ఈ రేవునుంచి పారశీకానికీ, జావా దీవులకూ, ఐరోపాకూ పోయినది ప్రధానంగా మన కోస్తా బట్ట. నేసిన సాలెలు, చిరివేరుతో ఎర్రరంగు దించినవాళ్ళు, కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెట్టినవాళ్ళు, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ పులియబెట్టి నలుపు తీసినవాళ్ళు, కాలువ నీటిలో నడుము లోతున నిలిచి ఉతికినవాళ్ళు, మూటలు కట్టినవాళ్ళు, కట్టిన మూటలను తెరచాప పడవల్లో ఓడ దాకా చేర్చినవాళ్ళు. వీరిలో హిందువులున్నారు, మా వాళ్ళూ ఉన్నారు. ఒక్కరి పేరూ ఏ పలక మీదా లేదు. పెడనలో ఈనాటికీ కలంకారీ అచ్చులు వేస్తున్నారు. అరిగిపోయిన ఒక పాత టేకు అచ్చు అక్కడ ఒక ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టి ఉండగా చూచాము. దానిమీది మామిడిపిందె అంచు పూర్తిగా నున్నబడింది. పట్టుకొనే పిడి మాత్రం ఒక అరచేతి ఆకారానికి లోతు పడి ఉంది. అందులో మా చేయి పెట్టి చూచాము. సరిపోలేదు. మాకంటె చిన్న చేయి, బహుశా ఒక స్త్రీదో, ఇంకా పెరుగుతున్న పిల్లవాడిదో. కోటలో మూడు గంటలు నిలబడినా దొరకనిది ఆ అచ్చు పిడిలో దొరికింది.

వస్తువు చెప్పేదాన్ని చదవడంలో మాకు గురువులు ఇంకొకరున్నారు. వారు పండితులు కారు. పటమటను ఆనుకొనే ఆటోనగర్ ఉన్నది గదా. మా విద్యార్థుల తండ్రులు చాలామంది అక్కడ మేస్త్రీలు, టింకర్లు, పెయింటర్లు. కాలం తీరిన లారీలను అక్కడ విప్పి, ఏ భాగానికి ఆ భాగం అమ్ముతారు. ఒకనాడు ఒక మేస్త్రీ అటువంటి లారీ క్యాబిన్ ఎక్కి, క్లచ్చి పెడలు అరిగిన తీరు చూచి, దీన్ని నడిపినవాడు క్లచ్చి మీదినుంచి కాలు తీసేవాడు కాడు, ఘాటు రోడ్లలో తిరిగిన బండి కాబోలు అన్నాడు. ఎడమ వైపు కమాను కట్టలు కుంగి ఉన్నవి చూపి, బరువు ఎక్కువ వేసి, రోడ్డు వాలు మీద ఎడమకు ఒరిగి నడిచిందన్నాడు. అద్దం దగ్గర దిష్టికి కట్టిన చిన్న నల్లని బూటు ఒకటి వ్రేలాడుతున్నది. "ఈ బూటు వేసుకొన్నదే సార్, కొని కట్టింది కాదు. అడుగు అరిగింది చూడండి" అన్నాడాయన. ఆ డ్రైవరుకు ఒక పసిబిడ్డ ఉన్నదని మాకు అప్పుడు తెలిసింది. ఆయన చెప్పిన దాంట్లో అతిశయోక్తి లేదు, కన్నీరూ లేదు. చూచినంత మేరకే చెప్పాడు. చెప్పి, స్పానరు తీసుకొని పెడలు విప్పేశాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పాతవాటిని గురించి ఇంత ఆలోచిస్తూ కూర్చుంటే కొత్త ఇండ్లు ఎవరు కట్టుతారు, జనం ఎక్కడ ఉంటారు అని. ఆ ఆక్షేపణలో బలమున్నది. పడగొట్టడం కొత్త పని ఏమీ కాదు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలను 19వ శతాబ్దంలో రోడ్డు వేయడానికి తవ్వుకొనిపోయారు, పాలరాళ్ళు వెల్లటూరు వద్ద కాలువ తూముకు వాడారు. మిగిలిన దిబ్బలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వగా ధాతువుల పేటికలు, వాటి మీద బ్రాహ్మీ లిపిలో శాసనాలు బయటపడ్డాయి. అమరావతిలో 18వ శతాబ్దం చివర జమీందారు కొత్త పట్నం కట్టడానికి దిబ్బను తవ్వించడం వల్లనే ఆ శిల్పాల సంగతి 1797లో మెకంజీ దాకా వచ్చింది. ఆ పిమ్మట ఎన్నో లండను చేరాయి. కనుక ప్రతి పాత గోడనూ కాపాడాలని మేము వాదించడం లేదు. ఆ పెంకుటిల్లును కూడా నిలబెట్టాలని మేము ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. మా కోరిక అంతకంటె చిన్నది. పడగొట్టే ముందు ఒక్కసారి లోపలికి వెళ్ళి చూడమని. చూచినది వ్రాసి పెట్టమని.

ఇంత చెప్పే అర్హత మాకు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. మా దాదీమా పోయినపుడు ఆమె మంచం కింద ఒక రేకు పెట్టె మిగిలింది. దాని నిండా ఉర్దూ ఉత్తరాలు. మా తాతగారు బందరులోనూ, ఆ తరువాత గుంటూరు వైపునా చిన్న గుమాస్తా పనులు చేస్తూ ఇంటికి వ్రాసినవి. మా నాన్నగారు తెలుగు బడిలో చదివారు, ఉర్దూ మాట్లాడేవారు గాని చదవలేరు. మేము అప్పటికి ఎం.ఏ. తెలుగులో చేరి, వ్యాకరణంలో మునిగి ఉన్నాము. ఇల్లు మారేటపుడు ఆ ఉత్తరాలను పాతకాగితాలు కొనేవానికి తూకానికి ఇచ్చివేశాము. నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. తరాజులో వేసింది మా చేతులే. ఆనాటి మా ఆలోచన ఏమంటే, ఇంట్లో ఎవరూ చదవలేనివి ఎందుకని.

కొన్నేండ్ల తరువాత, ఈ కళాశాలలో ఉద్యోగం వచ్చిన పిమ్మట, ఉర్దూ శాఖలోని మిత్రుల పుణ్యమా అని మేము అలిఫ్ బే నేర్చుకొన్నాము. పెట్టె మాత్రం మా దగ్గరే ఉంది. దాని అడుగున, తుప్పు అంటకుండా పరిచిన కాగితాల కింద, ఒక్క ఉత్తరం అతుక్కుపోయి ఉండింది. వారం రోజులు పట్టింది చదవడానికి. అందులో గొప్ప సంగతులేమీ లేవు. మేక ఈనిందా, పిల్లలెన్ని అని అడిగారు. పడమటి వైపు పెంకులు నలభై మార్చాలి, వానలు పడేలోగా మనిషిని పిలువు, కూలి నేను వచ్చి ఇస్తానని చెప్పు అని వ్రాశారు. చివర, కంట్లో మందు వేసుకొంటున్నావా అని. మా దాదీమాకు కంటిజబ్బు ఉండేదని మాకు అంతకు ముందు తెలియదు. ఆమె మా ముఖాలను అంత దగ్గరగా పట్టుకొని చూచేది ముద్దు కొరకే అనుకొన్నాము.

నాలుగు కిలోల కాగితంలో ఇటువంటివి ఎన్ని పోయాయో ఊహించడానికి మేము ఇప్పుడు ప్రయత్నించము. మా కళాశాలలో రెండు భాషల పిల్లలున్నారు. వారి ఇండ్లలో ఇటువంటి రేకు పెట్టెలు ఇంకా ఉన్నాయి. చదవలేని కాగితం ఉంటే తీసుకొని రండి, ఉర్దూ శాఖలో గానీ మా దగ్గర గానీ కూర్చొని చదువుదాము అని ఈ సంచిక ద్వారా అడుగుతున్నాము. అమ్మవద్దు.

ఇక ఆ సత్తుగ్లాసు.

ఇల్లు పడగొట్టే ముందు రోజు మేము ఒంటరిగా వెళ్ళాము. సందు మొదట్లో పాలు పోసే ముసలమ్మ ఒకామె, మేము లోపలికి పోవడం చూచి వెంట వచ్చింది. గూటివైపు చూపి ఆ గ్లాసు ఎవరిదమ్మా అని అడిగాము. ఆమె ఏమాత్రం తడబడలేదు. "మా ఆయనదేనండీ సాయిబుగారూ. ఈ ఇంట్లో పాలేరు చేశాడు. దాంట్లోనే చల్ల తాగేవాడు" అన్నది. చేతికి ఇచ్చేవారు కారట. పైనుంచి పోసేవారట. తాగి, తానే కడిగి, గూట్లో బోర్లించేవాడట. మాకు కోపం వచ్చినట్టున్నది, ముఖం చూచి గ్రహించింది కాబోలు, వెంటనే అందుకొన్నది. "అమ్మగారు మాత్రం ఆయన తాగిందాకా తను ముద్ద ఎత్తేది కాదండీ. ఏనాడూ లేదనలేదు. నా పెద్దబిడ్డ పురిటికి బియ్యం పంపింది." కాసేపు ఊరుకొని, "గ్లాసు మాత్రం బయటే ఉండేది" అన్నది.

మా విద్యార్థులు ఈ సంగతి విన్నపుడు, ఆ ఇల్లాలు మంచిదా చెడ్డదా తేల్చి చెప్పమన్నారు. మేము తేల్చలేదు. దయ్యానికీ దొరకూ అలవాటుపడిన ఊహ త్వరగా తీర్పు అడుగుతుంది. ముసలమ్మ తీర్పు అడగలేదు. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి, పాలక్యాను తీసుకొని వెళ్ళింది. రుబ్బురోలు అరుగు మీదికి ఎట్లా వచ్చిందో కూడా ఆమెకు తెలుసు. ఇల్లు ఖాళీ చేసినవారు దాన్ని తీసుకొని పోవాలని వాకిటిదాకా ఈడ్చి, బండిలో చోటు చాలక విడిచారట.

ప్రశ్న వేసిన అమ్మాయికి మేము ఇవ్వవలసిన జవాబు ఇంకొకటి ఉన్నది. ఆనాడు తరగతిలో తప్పించుకొన్నది దానివల్లనే. అటువంటి గ్లాసులో మా తాతగారు కూడా నీళ్ళు తాగి ఉంటారు. వారు గుమాస్తాగా వసూళ్ళకు తిరిగిన ఊళ్ళలో సాయిబుల గ్లాసు వేరుగా ఉండేదని మా నాన్నగారు చెప్పేవారు, చెప్పినపుడు కంఠం మారేది. అంతవరకైతే తరగతిలో చెప్పడం సులభమే. కాని మా ఇంట్లో, దొడ్డి గోడ మీద, అంచు విరిగిన ఒక పింగాణీ కప్పు ఉండేది. దొడ్డి శుభ్రం చేయడానికి వచ్చే ఆమె అందులోనే టీ తాగేది. టీ పోసినది మా దాదీమా. పైనుంచి. ఆ కప్పు ఏమైనదో మాకు తెలియదు. దాన్ని ఎవరూ పెట్టెలో దాచలేదు.

గ్లాసును మేము తీసుకొని వచ్చాము. ముసలమ్మను అడిగే తెచ్చాము. "పాతదండీ, సొట్టలు పోయింది, ఏం చేసుకొంటారు" అన్నది గాని వద్దనలేదు. ప్రస్తుతం అది మా స్టాఫ్ రూములో ఉంది. చరిత్ర శాఖవారు దాన్ని గాజు బీరువాలో పెట్టి కింద చీటీ అంటించాలంటారు. మా అభిప్రాయం, అందరి గ్లాసులతో పాటు కుండ పక్కన ఉంచి, దాహమైనవారు దానితో కూడా త్రాగాలని. ఇప్పటికి రెండు సమావేశాలు జరిగాయి, నిర్ణయం కాలేదు. ఇంతవరకు ఆ గ్లాసుతో నీళ్ళు తాగినది ఒక్క మా ప్యూనే. ఆ చర్చ సంగతి అతనికి తెలియదు.